పొన్నవరంలో చాటింపు

“పోలాంబా! చాపలల్లే పోలాంబా!” అని భటుడు కేకేశాడు.

మూడేళ్ల కూతుర్ని చంకనేసుకుని పోలాంబ ధర్మాధికారి ముందుకొచ్చింది. ఎదురుగా ఆమె మొగుడు దండపాణి చిరుగుల ఉత్తరీయం కప్పుకుని నిలబడ్డాడు. రాజుగారి గుర్రపుశాలకు పెద్ద అధికారి ఆయన. ఒకప్పుడు ఆ మెలితిప్పిన మీసం చూసే పోలాంబ వెన్నెల్లో కూర్చుని కలలు కన్నది. ఇప్పుడు చూస్తే అరిగిపోయిన చీపురుకట్ట గుర్తొస్తోంది.

“విడాకులకు ఒప్పుకున్నాను స్వామీ. బిడ్డనూ దానికే వదిలేశాను. తిండిగింజలు కూడా కొలవమంటే ఎక్కణ్ణుంచి తేను? గంజి తాగి బతికే బీదవాణ్ణి,” అని దండపాణి ముక్కు చీదాడు.

ధర్మాధికారి కరిగిపోయాడు. “పెద్దమనిషిని పీడించకమ్మా!”

పాప ఆకలితో తల్లి కొంగు చప్పరిస్తోంది. పోలాంబకు ఒళ్లు మండింది. అయినా వినయంగా తల వంచింది.

“నిజమే స్వామీ, పాపం! నాకేం వద్దు. విడిపోయినవాళ్లు ఇక్కడ చెప్పిన మాటను డప్పు కొట్టి చాటడం మన రివాజు కదా? ఆ చాటింపేదో పొన్నవరంలో కూడా వేయించండి. ఈయనగారు వచ్చే వారం అక్కడి షావుకారు కూతుర్ని చేసుకోబోతున్నారు. అల్లుడు గంజినీళ్ల బీదవాడని వాళ్లకూ తెలియాలిగా!”

“న్యాయమే. డప్పువాణ్ణి పిలవండి,” అన్నాడు ధర్మాధికారి.

దండపాణి ముఖం పాలిపోయింది. డప్పువాడు గుమ్మం దాటేలోపే ధర్మాధికారి కాళ్ల మీద పడ్డాడు.

“వద్దు స్వామీ! నాకు మేడ ఉంది, మాగాణి ఉంది. కన్నబిడ్డకు పెట్టడానికి మనసొప్పక అబద్ధమాడాను!”