తెల్లగొడుగు, రాగి బిళ్ళ

ఒకానొక ఏటి ఒడ్డు రాజ్యాన్ని కీర్తిధ్వజుడనే రాజు ఏలుతుండేవాడు. మంచివాడే గానీ, తన మాటంటే తనకే మహా ముద్దు. సభలో ఏ ముక్క అన్నా సాయంత్రానికల్లా అది శాసనమని దండోరా వేయించేవాడు. ఒకసారి "ఇవాళ ఉక్కగా ఉంది" అంటే అదీ దండోరా అయింది. ఆ రాత్రి వానకు చలి పెట్టినా, దుప్పటి కప్పుకోవడానికి జనం జంకారు.

ఆ ఊళ్ళో వందమంది తలా కొంత సొమ్ము వేసుకుని, మనుషుల్నీ బళ్ళనీ ఏరు దాటించే బల్లకట్టు కట్టించుకున్నారు. సొమ్ము వేసిన ప్రతివారికీ ఒక రాగి బిళ్ళ. ఏటేటా వచ్చిన లాభాన్ని బిళ్ళకింత అని పంచుకునేవారు. ఉప్పు అమ్ముకునే ఓబులమ్మ మెడలో గొలుసు అమ్మి ఒక బిళ్ళ తీసుకుంది. బుట్ట ఎత్తలేని రోజు వస్తే ఆ బిళ్ళే తనకు కూడు పెడుతుందని ఆవిడ ధీమా.

రాజుగారి బావమరిది భైరవుడికి పనీపాటా లేదు. రాజు అతణ్ణి బల్లకట్టు మీద పెత్తందారును చేశాడు. ఉత్త పెత్తనం ఏం బాగుంటుందని ఇంకో వంద బిళ్ళలు కొట్టించి, పైసా తీసుకోకుండా అతని ఒళ్ళో పోశాడు. ఇంకేముంది, ఆ ఏడు ఓబులమ్మకు దక్కింది సగమే. భైరవుడు మాత్రం రేవు వైపు తొంగిచూసిన పాపాన పోలేదు.

ఓబులమ్మ సభకు వచ్చి మొరపెట్టుకుంది.

"నీ బిళ్ళ నీ దగ్గరే ఉందా?" అన్నాడు రాజు.

"ఉంది మారాజా."

"అరిగిందా? విరిగిందా?"

"లేదు మారాజా."

"మరి నీకు పోయిందేమిటి? ఎవరి వస్తువు వారి దగ్గరుండగా, అలాంటివి ఇంకెన్ని పుట్టినా వారికి నష్టం లేదు."

సభ చప్పట్లు కొట్టింది. యథాప్రకారం దండోరా పడింది. ఓబులమ్మ కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళడం చూసి ఆస్థాన విద్వాంసుడు సోమావధానికి కడుపు మండిపోయింది. అయితే ఆయన కోపం వస్తే అరిచే రకం కాదు. తిన్నగా గొడుగులు కుట్టేవాళ్ళ వీధికి వెళ్ళాడు.

కొన్నాళ్ళకు పొరుగు దేశపు రాయబారి వస్తున్నాడని రాజు రేవుకు బయలుదేరాడు. తలపైన తెల్లగొడుగు. ఆ రాజ్యంలో అది రాజు ఒక్కడికే చెల్లు. తీరా వెళ్ళి చూస్తే రేవంతా తెల్లగొడుగులే.

బల్లకట్టు దిగిన రాయబారి, గొడుగును బట్టి రాజును పోల్చుకుందామనుకుని, ముందు ఒక నూనె వర్తకుడికి వంగి దండం పెట్టాడు. ఆయన రాజు కాదన్నారు పక్కవాళ్ళు. ఓబులమ్మకు పెట్టాడు. ఆవిడా కాదన్నారు. ఆవిడ పక్కన ఉప్పు బస్తాలు మోస్తున్న గాడిదకూ ఒక గొడుగు కట్టి ఉంది. రాయబారి పాపం, అటు కూడా తిరిగాడు.

రాజు మండిపడి, ఈ పని చేసినవాడి తల తీయిస్తానన్నాడు. సోమావధాని ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"నేనే ప్రభూ. తమ గొడుగు తమ దగ్గరే ఉందా?"

"ఉంది."

"చిరిగిందా? ఊచ విరిగిందా?"

"లేదు."

"మరి తమకు పోయిందేమిటి ప్రభూ? నేను దండోరా విన్నాకనే ఇవి కుట్టించాను."

భటులు కత్తుల మీద చేతులు వేశారు. రాజు గాడిదను చూశాడు, గొడుగు కింద వణుకుతున్న ఓబులమ్మను చూశాడు. సిగ్గుపడ్డాడు. ఆ తర్వాత ఆపుకోలేక పొట్ట పట్టుకుని నవ్వాడు.

ఊరికే ఇచ్చిన బిళ్ళలన్నీ అక్కడికక్కడే కరిగించమన్నాడు. ఉన్నవాళ్ళంతా ఒప్పుకుంటే తప్ప కొత్త బిళ్ళ కొట్టకూడదన్నాడు. ఓబులమ్మకు, తక్కినవాళ్ళకు తగ్గిన లాభం భైరవుడి చేత కక్కించాడు. పెత్తనం కావాలంటే సొంత సొమ్ము పెట్టి బిళ్ళలు కొనుక్కోమన్నాడు. భైరవుడు ఏడుస్తూ గుర్రం అమ్మి, ఇద్దరు ముగ్గురిని బతిమాలి వాళ్ళ బిళ్ళలు కొనుక్కున్నాడు. మర్నాటి నుంచి తెల్లవారకముందే రేవులో ఉండి, బల్లకట్టుకు ఎక్కడ చిల్లి పడిందోనని తడిమి చూసుకునేవాడు.

రాజు తన చేతి కంకణం తీసి సోమావధానికి తొడగబోయాడు. ఆయన చెయ్యి వెనక్కి లాక్కుని, "ఇలాంటివి ఇంకెన్ని చేయించారు ప్రభూ?" అని అడిగాడు.

"ఇదొక్కటేనయ్యా" అని రాజు మళ్ళీ నవ్వాడు. ఆ మాట మాత్రం ఆ సాయంత్రం దండోరా వేయించమని అవధానే బతిమాలాడట.