ఎజ్రా నాన్న వరస

లేదు, అరవలేదు. తీతయ్యగారు ఆ సాయంత్రం ఎవరి మీదా నోరు చేసుకోలేదు. అరిచారని చెప్పేవాళ్లు ఆ పూట అక్కడ లేనే లేరు. ఆయన చేసిందల్లా గరిటె అందుకోవడం, అంతే.

అది స్టూడెంట్ల వేసవి క్యాంపు. మే నెల. గోదావరి లంకల పక్కన, సెలవులకి ఖాళీగా పడున్న ఓ మిషను బడి హాస్టలు, పైన రేకులు. ఎనభైమంది హైస్కూలు, కాలేజీ పిల్లలు, పదిరోజులు. అందరినీ ఆరు కుటుంబాలుగా విడగొట్టేవారు. ఒక్కో కుటుంబానికి ఓ పెద్ద. ఆ పదిరోజులూ పిల్లలు అతన్ని నాన్నా అనే పిలవాలి. అన్నాల దగ్గర కుటుంబానికో వరస. ఆ పెద్ద లేచి, తలలు లెక్కపెట్టి, "మా కుటుంబం అంతా ఉంది" అని చెప్తేగానీ ప్రార్థన మొదలవదు.

ఇంకో రూలుంది. క్యాంపులో పరిచర్య చేసే పెద్దల సొంత పిల్లలు సొంత తండ్రి వరసలో కూర్చోకూడదు, వేరేవాళ్ల వరసలో కూర్చోవాలి. పక్షపాతం రాకూడదని. భార్యలేమో వంటింట్లో. ఈ రూలు పెట్టింది క్యాంపు నడిపే తీతయ్యగారే, వయసులో ఉన్నప్పుడు. ఆయన బడి మొహం చూడని మనిషి, బైబిలు ముందేసుకుని అక్షరాలు కూడబలుక్కున్నారు. అయినా పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా ఆయన మంచం పక్కన కింద కూర్చుని అడిగి తెలుసుకునేవారు.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం ఆ ఆరుగురు పెద్దల్లో ఒకడు, ఎజ్రా వచ్చాడు. ఏడు వేసవులుగా ఆయన దగ్గర పని నేర్చుకుంటున్నాడు. మంచోడే, అదే వచ్చిన చిక్కు. చేతిలో నోటుబుక్కు.

"అయ్యగారండీ, దేవుని పనిలో ఉన్నోడికి ఇల్లు ముందా, పని ముందా?"

"ఏమొచ్చిందిరా ఇప్పుడు?"

"మా ఆవిడ కృపావతండీ. ఎనిమిది రోజులైంది, ఒక్క పూటన్నా నన్నూ పిల్లనీ పక్కన కూర్చోబెట్టుకుని తిను, లేకపోతే పొద్దున్న బస్సుకి మా అమ్మోళ్లింటికి పోతాను, ఇంక రాను అంటోంది. ఏటా అనే మాటే గానీ, ఈసారి మొహం వేరేగా ఉందండి. ఏదైనా వాక్యం చూపించండి, ఆవిడకి చదివి వినిపిస్తాను."

తీతయ్యగారికి తిక్క రేగింది. "చదివి వినిపిస్తావా?"

"అవునండి."

"ఇయ్యాల నీ క్లాసేంట్రా?"

"క్రైస్తవ కుటుంబ జీవితం అండి. రెండో భాగం."

ఆయన పైపంచెతో మొహం తుడుచుకున్నారు. ఆయన భార్య సంతోషమ్మగారు పోయి అప్పటికి మూడు నెలలు. ముప్పై వేసవులు ఆవిడ ఆ పొయ్యి దగ్గరే ఉంది, ఆయన వరసలో ఏనాడూ కూర్చోలేదు. ఒక ఏడాది కూర్చుంటానని అడిగింది కూడా. అప్పుడేం జవాబు చెప్పారో ఎంత తన్నుకున్నా ఆయనకి గుర్తు రావడంలేదు. ఆ మూడు నెలలూ అదే ఆయన్ని తొలిచేస్తోంది.

"అన్నాల దగ్గర చెప్తాలే, పో," అన్నారు.

పొద్దు గుంకకముందే అన్నాలు. వరండాలో ఆరు వరసలు, విస్తళ్లు. కృపావతి పప్పుచారు బకెట్టు మోసుకొస్తుంటే తీతయ్యగారు ఎదురెళ్లి గరిటె లాక్కున్నారు.

"ఇయ్యాల నేను వడ్డిస్తా. నువ్వు పిల్లని తీసుకుని ఎజ్రా వరసలో కూర్చో."

"మీరు వడ్డించడమేంటండీ అయ్యగారూ! మీకు నడుం వంగదు."

"వంగదనే సంతోషమ్మా అంటా ఉండేది. కూర్చో తల్లీ."

వాళ్ల ఐదేళ్ల పిల్ల లేయ ఆ మాట చెవిన పడీ పడగానే, అవతల సీయోను అనే కుటుంబం వరసలోంచి విస్తరి రెండు చేతుల్తో పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. తల్లీ కూతురూ ఎజ్రా వరస చివర కూర్చున్నారు. తీతయ్యగారు ముందు వాళ్లిద్దరి విస్తళ్లలోనే అన్నం పెట్టారు. కృపావతి కొంగుతో చెమట తుడుచుకుని, జుట్టు సవరించుకుంది కూడా.

ఎజ్రా లేచాడు. వేలు చూపిస్తూ లెక్కపెట్టాడు. ఆగాడు. మళ్లీ మొదట్నుంచి పెట్టాడు.

"అయ్యగారండీ, మా కుటుంబంలో ఇద్దరు ఎక్కువున్నారండి."

పిల్లలు కిసుక్కుమన్నారు. వెనకనించి ఎవడో, "ఎజ్రా నాన్నా, నీ ఎమ్మెస్సీ లెక్కల్లోనే కదా!" అన్నాడు.

తీతయ్యగారు పళ్ల బిగువున, "సరిగ్గా చూడరా," అన్నారు.

"చూశానండి. మాకుండాల్సింది పద్నాలుగే. వీళ్లిద్దరి పేర్లూ లిస్టులో లేవు." ఎజ్రా వరస చివరికి నడిచి, ఎంతో నెమ్మదిగా, ఎంతో మర్యాదగా వంగాడు. "లేయా, నీది సీయోను కదమ్మా. ఇక్కడ మీ నాన్న పౌలన్న. వెళ్లు. కృపా, రూలు నీకు తెలియందా? అందరూ చూస్తున్నారు."

తీతయ్యగారు గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ఆ రూలు ఇంకోడి నోట వినడం ఆయనకి అదే మొదలు.

కృపావతి పిల్ల విస్తరీ తన విస్తరీ మడిచి లేచింది. ఆయన చేతిలోంచి గరిటె తీసుకుంది.

"ఆయన లెక్క ఎప్పుడూ తప్పదండి అయ్యగారూ," అంది.

లేయ సీయోను వరసలోకి పోయి కూర్చుంది, ఎవరెంత చెప్పినా ముద్ద ముట్టలేదు. కృపావతి ఆరు వరసలకీ వడ్డించింది, ఏ ఒక్కరికీ తక్కువ చెయ్యలేదు.

"మా కుటుంబం అంతా ఉంది," అన్నాడు ఎజ్రా. ప్రార్థన జరిగింది.

చేతులు కడుక్కునే కుళాయి దగ్గర అతను తీతయ్యగారిని పట్టుకున్నాడు. క్లాసుకి టైమైపోతోంది, నోటుబుక్కు తెరిచే ఉంది.

"అయ్యగారండీ, మధ్యాహ్నం అడిగినదానికి జవాబు చెప్తానన్నారు."

తీతయ్యగారు అతన్ని ఎగాదిగా చూశారు.

"వడ్డించాను కదరా. నువ్వే లేపి పంపేశావు."

ఎజ్రా అది కూడా రాసుకున్నాడు.

బస్సు ఐదున్నరకి. పొద్దున్న ఆరింటికి ప్రార్థన గంట కొట్టేసరికి కృపావతీ లేదు, లేయా లేదు.