దండమా, సలామా

మౌలాలి గోడ కడితే తాడు పట్టి చూడక్కర్లేదు. అంతటి తాపీ మేస్త్రీ, నలభైకి దగ్గరపడిన మనిషి, కొత్తవాళ్ళు ఎదురైతే మాత్రం చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చచ్చిపోయేవాడు.

పని మానేసి, ఆదోని దారిలో ఫకీరు గఫార్ షా బాబా ఉండే ఆస్తానా అనే మఠంలో చేరి మూడేళ్ళయింది. ప్రతి గురువారం అక్కడికి అన్ని మతాలవాళ్ళూ వస్తారు. గుమ్మంలో నిలబడి వాళ్ళను పలకరించి లోపలికి తీసుకెళ్ళడం మౌలాలికి అప్పగించిన పని. అదే అతని ప్రాణం మీదికొచ్చింది. అవతలివాళ్ళు దండం పెడితే ఇతను చెయ్యి చాపేవాడు. అయ్యో అనుకుని దండం పెట్టేలోపు వాళ్ళు చెయ్యి చాపేవాళ్ళు. పోయిన గురువారం ఒక పెద్దమనిషి చాపిన చెయ్యి అలాగే గాల్లో ఉండిపోతే, పక్కనున్న ఆడవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. వారమైనా ఆ నవ్వు మౌలాలి చెవుల్లోంచి పోలేదు.

బుధవారం బాబా దగ్గరికి వెళ్ళాడు.

"బాబా, నన్ను వంటింట్లో వేసెయ్యండి. లేదంటే ఊరికి పోతా. వచ్చేవాళ్ళంతా ఎట్లా పలకరించల్లో తెలిసినోళ్ళే. నేనొక్కన్నే మొద్దుని."

"పోదువులే. రేపొక్క పూట బయట చెప్పులు చూడు," అన్నాడు బాబా. "గుమ్మంలో నేనుంటా."

మౌలాలికి ప్రాణం లేచొచ్చింది. చెప్పులు చూసేవాడికి దండం పెట్టేదెవరు? మర్నాడు బయట అరుగు మీద హాయిగా కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు.

అతణ్ణి ఎవరూ చూడలేదు. అతను మాత్రం అందర్నీ చూశాడు. ఒకావిడ కొంగు తలమీదికి లాక్కుంది, తీసేసింది, మళ్ళీ లాక్కుంది. నల్లకోటు లాయరు ఒకాయన పళ్ళ సంచిని ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకుంటూ గుమ్మం దాకా వెళ్ళి, ఏదో మర్చిపోయినట్టు వెనక్కి వచ్చాడు. ఇద్దరు కాలేజీ కుర్రాళ్ళు 'ముందు నువ్వు పో' అంటే 'నువ్వు పో' అని తోసుకున్నారు. మౌలాలికి నవ్వొచ్చింది. కాసేపటికి ఆ నవ్వు ఆగిపోయింది.

మధ్యాహ్నం ఒక రైతు వచ్చాడు. తలపాగా, మీసాలు చూస్తే పదిమందిని గదమాయించే మనిషిలా ఉన్నాడు. చెప్పులు విడిచాక కూడా అక్కడే నిలబడిపోయాడు. చివరికి మౌలాలి వైపు వంగి, ఎవరూ వినకుండా అడిగాడు.

"అప్పా, లోపల దండం పెట్టల్లా, సలాం చెయ్యల్లా? నాకు తెల్దు. బిడ్డకు బాగలేదని వచ్చినా. తప్పు చేస్తే ఏమనుకుంటారో అని అడుగు పడ్లే."

మూడేళ్ళుగా వచ్చేవాళ్ళ చేతులే తప్ప మొహాలు చూడలేదు తను. మౌలాలికి సిగ్గేసింది.

"నాకూ తెల్దన్నా," అన్నాడు. "రా, ఇద్దరం పోదాం."

లేచి రైతు చెయ్యి పట్టుకున్నాడు. గుమ్మంలో ఉన్న బాబా ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు.

"ఎవురప్పా వచ్చింది?"

"మనోళ్ళే బాబా," అన్నాడు మౌలాలి.