పగిలిన తెర మీద గెంతిన ముంగిస

నల్లతుమ్మల అడవిలో కుందేళ్లు, కోతులు, ఒక ముసలి ఏనుగు, ఒక నెమలి ఉండేవి. రేగి అనే ముంగిస కూడా ఉండేది. దాని కోపం అడవంతటికీ తెలుసు.

ఆ అడవిలో ఆటల గుహ ఉంది. దాని పైన సోలార్ ప్యానెల్, లోపల పెద్ద బ్యాటరీ, వీడియో గేములు తయారుచేసే పెద్ద కంప్యూటరు ఉన్నాయి. తాళంచెవి మాత్రం నెమలి మెడలో వేలాడేది. గుమ్మం మీద 'అన్నీ నేర్చినవారికే ప్రవేశం' అని నెమలే రాసుకుంది.

సొంతంగా ఒక గేము చెయ్యాలని రేగి ఆశ. వెళ్లి అడిగింది.

"ముందు లెక్కలు నేర్చుకో అమ్మాయ్. తర్వాత బొమ్మలు, ఆపైన సంగీతం. అప్పుడు చూద్దాం," అంది నెమలి.

"మీరు అన్నీ నేర్చారు కదా మేష్టారూ. ఇప్పటికి ఎన్ని గేములు చేశారు?"

నెమలి పురి విప్పింది. కోతులు అందుకున్నాయి. "ముంగిసకు గేములెందుకే? పోయి పాముల్ని పట్టుకో."

రేగికి ఒళ్లు మండింది. గుహ అడవిదా, నెమలిదా? ఆ మాటే వెళ్లి ఏనుగు పెద్దమ్మను నిలదీసింది.

"తొలకరి రోజున చెరో గేము తెండి. పిల్లలు ఎవరిది ఆడితే గుహ వాళ్లది," అంది ఏనుగు.

రేగి దగ్గరున్నదల్లా యాత్రికులు పారేసిన ఫోను, దాని ఎండ చార్జరు. వానలు పట్టుకుంటే అదీ ఆగిపోతుంది. గుహ దక్కకపోతే రేగి ఆశ అక్కడితో సరి. పైగా ఫోను తెర పగిలి, మధ్యలో నిలువునా నల్లటి చార.

రేగి తెర మీద నేలను, దాని మీద ఒక ముంగిసను గీసింది. అది నేలలోంచి జారి కిందికి మాయమైంది.

"చూశావా, నీ గేములో నేల కూడా నిన్ను మొయ్యనంటోంది," అన్నాయి కోతులు.

రేగి పళ్లు కొరికింది. మళ్లీ చూసుకుంది. నేలను గీసింది గానీ, దాని మీద నిలబడొచ్చని ఫోనుకు చెప్పనేలేదు. చెప్పింది. ముంగిస నిలబడింది. ఇక మిగిలింది ఆ నల్లచార. దాన్ని కోపంగా చూస్తూ చూస్తూ రేగి ఆగిపోయింది. ఇది గొయ్యి అనుకుంటే?

ముంగిస చార మీదుగా గెంతింది.

తొలకరి మబ్బు పట్టింది. నెమలి గేము పెద్ద తెర మీద ధగధగలాడింది. కుందేలు పిల్ల 'మొదలు' నొక్కింది. బొమ్మ నెమలి పురి విప్పింది. మళ్లీ నొక్కితే మళ్లీ పురి విప్పింది.

"గేమేదీ?" అంది కుందేలు పిల్ల.

"తొందరెందుకు? మొదటి తెరే ఇంకా పూర్తికాలేదు," అంది నెమలి.

పిల్లలు రేగి ఫోను మీద పడ్డారు. గొయ్యిలో పడటం, నవ్వటం, "ఇప్పుడు నాది" అని లాక్కోవటం. కోతులు కూడా వరసలో నిలబడ్డాయి. ఏనుగు నెమలి మెడలోని తాళంచెవి తీసి రేగి చేతిలో పెట్టింది.

రేగి ముందుగా గుమ్మం మీది రాతను గోళ్లతో గీకేసింది. వాన కురిసింది. తడిసి ముద్దైన నెమలి గుమ్మం దగ్గర నిలబడి అడిగింది. "నాకు చోటుందా?"

రేగి కోపం ఇంకా చల్లారలేదు. అయినా పక్కకి జరిగింది.

"రండి మేష్టారూ. ఆ మూల కూర్చుని ముందు తెర మీద ఒక చుక్కను గెంతించండి. పురి మాత్రం ముడవండి, పిల్లలకు చోటు కావాలి."

నీతి: అన్నీ నేర్చాకే మొదలుపెడతానంటే ఆ రోజు రాదు, చేతిలో ఉన్నదానితో మొదలుపెట్టు, దారికడ్డంగా నిలబడి అర్హత అడిగేవాళ్లను 'మీరేం చేశారు?' అని అడుగు.