ఆగ్నేసు కొవ్వొత్తి

ఒకానొక రేవు ఊళ్లో వలలు అల్లుకుని బతికే శౌరమ్మకు ఒక్కగానొక్క కూతురు ఆగ్నేసు. ఆ వానాకాలం విషజ్వరం ఆ పిల్లను తీసుకుపోయింది.

పరలోకం చేరిన పుణ్యాత్ములందరినీ తలచుకునే సకల పునీతుల పండుగనాడు శౌరమ్మ క్రీస్తు గుడిలో పీఠం ముందు కొవ్వొత్తి వెలిగిస్తుంటే, పెత్తనమంతా తనదేననుకునే, ఊరికి జపాలు నేర్పే ఉపదేశి జోజప్ప అడ్డొచ్చాడు.

“ఎవరికిది?”

“నా ఆగ్నేసుకండీ.”

“ఇవాళ పునీతుల పండుగ. చచ్చినవాళ్ల పండుగ రేపు. తీసెయ్!”

“పునీతులందరి పేర్లూ మీకు తెలుసాండీ?”

“పేరు తెలియని పునీతులు కోకొల్లలు. ఈ పండుగ వాళ్ల కోసం కూడానూ,” అన్నాడు జోజప్ప గొప్పగా.

“మరి వాళ్లలో నా బిడ్డ లేదని ఎలా చెప్పగలరండీ?”

జోజప్ప పక్కకు తప్పుకున్నాడు.

జనమంతా పునీతులను తలచుకుంటూ “మా కొరకు ప్రార్థించండి” అంటుంటే, శౌరమ్మ మోకాళ్లూని, “ఈ అమ్మ కోసం ప్రార్థించవే తల్లీ,” అంటూ ఏడ్చింది.