ఎండుగడ్డి మీద బయానా

ఏటి ఇసుకలో వారం వారం జంతువుల సంత జరిగేది. పులి నుంచి పిట్ట దాకా అందరూ వచ్చేవారు. సంత సాగినంతసేపూ ఎవరూ ఎవరి మీదా పంజా ఎత్తకూడదు, అదొక కట్టుబాటు. బయానా పుచ్చుకున్న సరుకును ఇంకొకరికి అమ్మకూడదు, కొన్నవాళ్లు వచ్చి తీసుకెళ్లేదాకా కాపలా ఉండాలి, అది రెండోది. బేరం అంటే నోటి మాటే, నచ్చకపోతే లేచిపోవచ్చు. బయానా అంటే మెడకు పలుపు. ఈ తేడా అక్కడ అందరికీ తెలుసు. తెలిసే మునిగింది గైరమ్మ అనే మేక.

అవి కరువు రోజులు. గైరమ్మకు పాలు ఎండిపోయాయి. పిల్లేమో లేచి నిలబడలేకపోతోంది. వానలున్నప్పుడు కూడబెట్టిన ఎండుగడ్డి మోపులన్నీ సంతకు తెచ్చి, పిల్లను పక్కన పడుకోబెట్టుకుంది. కొత్త పచ్చిక మొలిచేదాకా పిల్లకు పూటకో ముంత పాలిస్తే గడ్డి అంతా నీదేనని గేదెతో ముందే అనుకుంది. గేదె నడక మీకు తెలిసిందేగా. అది ఇంకా దారిలోనే ఉంది. ఈలోగా నక్క వచ్చింది.

“బోణీ అయిందా అక్కా?”

“ఎక్కడ తమ్ముడూ, ఇప్పుడే దించాను.”

“అయితే బోణీ నాదే. ఎంతకిస్తావు?”

“డబ్బులొద్దు. పిల్లకు పాలు కావాలి. గేదె వదిన పూటకో ముంత ఇస్తానంది.”

“ఒక్క ముంతా! మా మేనల్లుడికి ఏం సరిపోతుందక్కా? నేను రెండిస్తాను. గుట్ట అవతల నాకు తెలిసిన మంద ఉంది. సాయంత్రానికి పాలతో వస్తా, గడ్డి తీసుకుపోతా.”

గైరమ్మ పిల్ల డొక్కల వైపు చూసింది. రెండు ముంతలు తాగితే నాలుగు రోజుల్లో గంతులేస్తుంది.

“మరి బయానా?” అంది.

నక్క లేత అవిసె రెమ్మ తెచ్చి పిల్ల మూతి దగ్గర పెట్టింది. ఆకలి మీదున్న పిల్ల కొరికేసింది. ఇక తిరిగిచ్చే దారి కూడా లేదు.

మధ్యాహ్నానికి గేదె చేరుకుంది.

“గైరమ్మా, ఆలస్యమైంది. ఏడీ మీవాడు, పాలు తాగుతాడా?”

“పొరపాటైపోయింది వదినా. బయానా పుచ్చుకున్నాను.”

“ఎవరి దగ్గర?”

“నక్క తమ్ముడి దగ్గర.”

గేదె నెమరు ఆపింది. ఏదో అడగబోయింది. మళ్లీ ఎందుకొచ్చిన గొడవ అనుకుంది కాబోలు, “సరేలే, బయానా బయానాయే” అంటూ పక్కవాళ్ల దగ్గర గడ్డి కొనుక్కుని వెళ్లిపోయింది. నక్కకు ఎండుగడ్డి ఎందుకు? ఆ ఒక్క మాట గేదె అడగలేదు. చుట్టూ అంత సంత ఉంది, అందులో ఒక్క నోరూ లేవలేదు. తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

పొద్దు వాలింది. అందరూ గుంపులు కట్టి ఇళ్లకు బయలుదేరారు.

“చీకటి పడుతోంది, రా గైరమ్మా, కలిసి పోదాం” అంది కుందేలు.

“సరుకు వదిలి ఎలా వస్తానమ్మా? మాట పోతుంది.”

కుందేలు కూడా వెళ్లిపోయింది. ఇసుకలో మేక, పిల్ల, గడ్డి మోపులు మిగిలాయి. అప్పుడొచ్చింది నక్క, వట్టి చేతులతో.

“పాలేవి తమ్ముడూ?”

“ఏం పాలు?”

“గడ్డి కొన్నావుగా!”

“గడ్డి నేనేం చేసుకుంటానక్కా?”

“మరి బయానా ఎందుకిచ్చావు?”

“సంత లేచిపోయేదాకా నువ్విక్కణ్ణుంచి కదలకూడదని.”

గైరమ్మ పిల్లకు అడ్డం నిలబడింది. కుమ్మింది, అరిచింది, గొంతు పోయేదాకా అరిచింది. వినేవాళ్లు ఎవరూ లేరు. నిలబడలేని పిల్ల పరుగెత్తలేదు కదా.

పై వారం సంత మళ్లీ కూడింది. మోపులు అక్కడే ఉన్నాయి. గైరమ్మ వాటిని తినలేదు, అమ్మలేదు, పక్కనే కూర్చుని ఉంది. గేదె ఈసారి అందరికంటే ముందే వచ్చి, ముంతెడు పాలు దాని ముందు పెట్టి తల దించుకుంది. ఆ పాలు తాగేవాళ్లు లేరు.

నీతి: కొంటానన్నవాడికి ఆ సరుకు దేనికో అడగకుండా బయానా పుచ్చుకోకూడదు.