పైడమ్మ మూడు గీతలు

అనగనగా, కంప్యూటర్లు బీరువాలంత ఉన్న కాలం కాదు గానీ, దాని తర్వాతి కాలం. ఊఁ కొట్టండి మరి!

కాలువ షట్టర్లు నడిపే ప్రోగ్రాములు రాసే ఆఫీసు ఒకటి. అందులో ఓ మూల పైడమ్మ. ఆమె రాసేది లైబ్రరీ. అంటే పుస్తకాల గది కాదు లెండి. ఒకరు రాసి పెడితే ఊరూరి వాళ్లు తమ ప్రోగ్రాముల్లోకి తెచ్చుకునే సరంజామా. అందులో షట్టర్ అనే క్లాసు, అంటే షట్టరుకు కంప్యూటర్లో నమూనా. దానికి మూడు ప్రాపర్టీలు, అంటే అంకె ఇచ్చి నింపే ఖాళీలు: ఎత్తు, వేగం, వ్యవధి.

రోజూ ఫోను మోగేది.

"పైడమ్మగారూ, ఎత్తు అడుగులా, అంగుళాలా?"

"అడుగులే, బాబూ."

ఎందరడిగినా, ఎన్నిసార్లడిగినా, "అడుగులే, బాబూ." విసుగన్నది ఆమె ఎరగదు.

అలాంటి మనిషికి గొంతు జబ్బు చేసింది. ఇక మాట రాదన్నాడు డాక్టరు. పైడమ్మ బెంగ ఒకటే. చెప్పేవాళ్లు లేక ఎవరైనా అంగుళాలనుకుంటే? కాలువ కింద పాకలున్నాయి, మునిగిపోవూ?

ఏడుస్తూ కూర్చోలేదు. ప్రతి ప్రాపర్టీ పైనా మూడు ఏటవాలు గీతలు గీసి వివరం రాసింది. ఆ గీతల పక్కన రాసేది కంప్యూటరుకు కాదు, లైబ్రరీ వాడే మనుషులకు. "ఎత్తు: ఇది షట్టర్ ఎత్తు."

పక్క సీటు గవరయ్య పకపకా నవ్వాడు. "ఏటమ్మా ఇది? ఎత్తంటే ఎత్తేనని నాకూ తెలుసు కదా!"

పైడమ్మకూ నవ్వొచ్చింది. చెరిపి మళ్లీ రాసింది. "షట్టర్ ఎంత పైకి లేవాలో. అడుగుల్లో, బాబూ. మూసేస్తే సున్నా."

లైబ్రరీ ఊళ్లకు వెళ్లింది. మూడోనాడు ఫోను మోగింది. అలవాటుకొద్దీ పైడమ్మే ఎత్తింది. కాలువ దగ్గర కొత్తగా చేరిన రాములమ్మ.

"షట్టర్ అని రాసి చుక్క పెడితే ఎత్తు, వేగం అని పేర్లొస్తున్నాయి గానీ వివరం రావట్లేదండీ. ఎత్తు పన్నెండు ఇచ్చాను, అంగుళాలే కదా? కొత్త లైబ్రరీ పంపితే చూసుకుంటాను. లేదంటే సాయంత్రం నీళ్లు వదిలేస్తాం."

పైడమ్మ నోరు తెరిచింది. మాట రాలేదు. అవతల రాములమ్మ ఫోను పెట్టేసింది. గవరయ్య తిరిగి చేస్తే ఎంగేజ్, ఎంగేజ్, ఎంగేజ్.

పైడమ్మ సెట్టింగుల్లో వెతికింది. వివరాల ఫైలు తయారుచెయ్యమనే గడిలో టిక్కే లేదు! రాసిందంతా ఆఫీసులోనే ఉండిపోయింది. టిక్కు పెట్టింది. లైబ్రరీతో పాటు ఆ ఫైలూ పంపింది.

రాములమ్మ మళ్లీ చుక్క పెట్టింది. ఎత్తు పక్కన అక్షరాలు వచ్చాయి. అడుగుల్లో, బాబూ.

"అమ్మో!" అని పన్నెండు చెరిపి ఒకటి పెట్టింది.

సాయంత్రం నీళ్లు బుద్ధిగా పొలాలకు వెళ్లాయి. పాకల్లో పిల్లలు అన్నాలు తిని పడుకున్నారు.

పైడమ్మ పోయి చాలా కాలమైంది. ఇప్పటికీ అక్కడ లైబ్రరీ పంపేముందు, "పైడమ్మను ఎక్కించావా?" అని అడుగుతారు. టిక్కు పెట్టావా అని. ఇక ఏ ఊళ్లో ఎవరు చుక్క పెట్టినా, పక్కన ఆ వివరం కనబడగానే, ఎంత పెద్ద ఆఫీసరైనా సరే, "అలాగే, పైడమ్మా" అని బదులు చెప్తారు.